కొంగ మెడ మీద పటిక చుక్క

బస్సు ఆగిపోయి అప్పటికి గంట. డ్రైవరు ఇంజను మూత ఎత్తి, లోపలికి చూసి, ఏమీ పాలుపోక మళ్ళీ దించాడు. జనమంతా దిగి తలా ఒక నీడ వెతుక్కున్నారు. నా పక్క సీటావిడ మాత్రం కదల్లేదు. ఆమె ఒళ్ళో పొడవాటి బట్టచుట్ట ఉంది. పైఅరలో పెట్టమని కండక్టరు రెండుసార్లు చెప్పి చూశాడు.

"చంటిపిల్లని అటకెక్కిస్తారా నాయనా" అంది, చుట్టని ఇంకాస్త దగ్గరికి తీసుకుని.

అరవై దాటి ఉంటాయి. ఆమె కొప్పుని పట్టి ఉంచింది పిన్ను కాదు, వెదురు కలం. మొనకి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి ఉంది. నలభై ఏళ్ళుగా బట్టల మీద బొమ్మలు వేస్తోందట. ఆమె చేతిలో కొంగలు ఎంత బాగా కుదురుతాయంటే, అసలు పేరు మరిచి అందరూ కొంగలావిడ అనే పిలుస్తారట.

"అన్నగారూ, మీకు చూపు బాగుందా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"అక్షరాలు కనబడతాయమ్మా. మనుషులే సరిగ్గా ఆనరు."

"అయితే ఇది చూడండి" అంటూ మూరెడు విప్పింది. పాలమీగడ రంగు బట్ట మీద నల్లగీతల చెట్టు, కొమ్మకొమ్మకీ ఒక కొంగ. "ఎక్కడైనా మరక కనబడుతోందా?"

లేదన్నాను. ఆ మాటకి ఊరట పడుతుందనుకున్నాను. ముఖం ఇంకా వాడిపోయింది.

"కనబడదు లెండి. అదే కదా దాని రోగం."

పూర్వం గూఢచారులు పాలతో ఉత్తరాలు రాసేవారనీ, సెగ చూపితేనే ఆ రాత బయటపడేదనీ ఎక్కడో చదివాను. ఈవిడ పనీ అలాంటిదే. ఎరుపు రావలసిన చోట ముందు పటికనీళ్ళు పూస్తారు. ఆరిపోయాక అవి కంటికి ఆనవు. తరవాత ఎర్రవేరు వేసి ఉడకబెడితే, పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది. కొందరు ఆనవాలుకి పటికలో కాస్త రంగు కలుపుకుంటారట.

"మా ఇంట్లో ఆ అలవాటు లేదు. కనబడేలా వేస్తే చెయ్యి సోమరిదవుతుందని మా అత్తగారనేది."

మొన్న పటిక పూస్తుంటే ఆమె పాదం మీద చల్లగా ఒక చుక్క పడింది. ఒకటి పాదం మీద పడిందంటే ఇంకొకటి ఎక్కడ పడిందో? కళ్ళద్దాలు మార్చి చూసింది, బట్టని ఎండకి ఎత్తి చూసింది. చివరికి తలుపేసుకుని నాలిక కొసతో వెతికింది. పటిక వగరు కదా.

"కోడలు చూసేసింది. 'అత్తయ్యా, కొంగని నాకుతున్నారేంటి' అని ఒకటే నవ్వు. తీరా చూస్తే బట్టంతా వగరే. ముందే కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన బట్ట కదా, ఆ మాటే మరిచిపోయాను. ఎవరైనా వింటే నవ్విపోతారు."

నేను నవ్వలేదు. చెప్పవలసింది ఇంకా ఉందని ఆమె చేతివేళ్ళే చెబుతున్నాయి. ఎరుపు చోటు తప్పించిన చెయ్యి కలం దించి, మళ్ళీ పట్టకూడదన్నది ఆ ఇంటి కట్టడి. పన్నెండేళ్ళ కిందట తోడికోడలి చేతి నుంచి ఒక దుప్పి వీపు మీద అలాంటి చుక్కే జారింది. కట్టడి గుర్తు చేసి ఆమె చేత కలం దింపించింది ఈవిడే. ఆ తోడికోడలు ఇప్పుడు ఏటి ఒడ్డున కాగు దగ్గర బట్టలు ఉడకబెడుతుంది. ఈ చుట్ట వెళ్తున్నది ఆమె దగ్గరికే.

చివరికి బస్సు కదిలింది. నాకు దిగవలసిన ఊరంటూ లేదు. కొంగలావిడ దిగిన చోటే దిగాను.

తోడికోడలి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "ముఖం అలా ఉందేమే? బస్సు పడలేదా?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే కొప్పులో ఆ కలం దేనికి? నా కాగుకి బొట్టు పెడతావా?"

కొంగలావిడ చుట్ట విప్పి అందించింది. బట్ట నీళ్ళలో మునిగింది. తోడికోడలు కర్రతో తిప్పుతుంటే ఈవిడ చీరకొంగుని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. పొగకి కళ్ళు మండుతున్నా రెప్ప వాల్చలేదు. ముందు బొమ్మలోని చెట్టు చిగుళ్ళు ఎర్రబడ్డాయి, తరవాత కొమ్మల పళ్ళు. మొదటి కొంగ తెల్లగానే లేచింది. రెండోదీ, మూడోదీ అంతే. ఆమె గట్టిగా ఊపిరి వదలడం నాకు వినబడింది.

అయిదో కొంగ దగ్గర కర్ర ఆగింది. మెడ మీద మిరియపు గింజంత ఎరుపు.

"దీని గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టుంది" అంది తోడికోడలు. ఎవరూ నవ్వలేదు. ఆమె గొంతు తగ్గించింది. "ముక్కుకి దగ్గరే కదా. చుట్టూ గీత తిప్పి పండు చేసెయ్."

"కొంగ పళ్ళు తినదక్కా."

"దుప్పికి ఎర్రమచ్చ ఉండదనీ అన్నావు ఆ రోజు." ఆ మాటలో కోపం లేదు. మళ్ళీ కర్ర తిప్పసాగింది. "నిజమే అన్నావు. కానీ ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు కదా అని చాలాకాలం ఏడ్చాను. నేను చెప్పనులే. నీ కోడలికి కూడా చెప్పను."

కొంగలావిడ ఆమె వైపు చూసింది. తిట్టినా అంత బెదిరేది కాదేమో. కొప్పులోంచి కలం లాగి, మొన పైనున్న ఉన్నిగుడ్డని ఒకసారి నొక్కి చూసుకుని, కాగు పక్క రాతి మీద పెట్టింది. లేచి నడిచింది.

"ఏమే, బట్ట ఆరొద్దూ? ఎక్కడికి?" అని కేకేసింది తోడికోడలు, కర్ర వదలకుండానే.

ఆమె వెనక్కి తిరగలేదు. నేనొకణ్ణి అక్కడున్నానన్నది కూడా గుర్తున్నట్టు లేదు. పదడుగులు వెయ్యకముందే, పట్టు లేని కొప్పు జారి జుట్టు వీపంతా పరుచుకుంది. ముడి వేసుకోలేదు. అలాగే ఏటిగట్టు ఎక్కి, అటువైపు దిగిపోయింది.