మామ పక్కన చోటు

మొన్న చిత్తూరు బస్టాండు దారిలో ఒక పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. ఊళ్ళోని సంఘాలన్నీ కలిసి ఐక్య క్రైస్తవ సభ పెడుతున్నాయట. కింద పాస్టరు అయ్యగార్లందరూ చేతులు జోడించి నవ్వుతున్న బొమ్మలు. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని కాబట్టి, గోడ మీద ఏ రాత కనబడినా నిలబడి చదివే అలవాటు నాకు. ‘అందరం ఒక్కటే’ అన్న మాట దగ్గర ఒళ్ళు మండింది. ఆ బొమ్మల్లో ఇద్దరిని నేనెరుగుదును. మా అత్త శవాన్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ళిద్దరి గడపలూ తొక్కినదాన్ని.

అత్త పుట్టిందీ, పెండ్లి చేసుకుందీ పాత మిషను చర్చిలోనే. మామను పెట్టింది కూడా ఆ చర్చి సమాధుల తోటలోనే. ఆయన పక్కన ఒక మనిషి పట్టే చోటు చూపించి, “అది నాది, ఎవుర్నీ పండుకోనీయొద్దండి” అని అందరికీ చెప్పేది, బస్సు సీట్లో తువాలు వేసినట్టు. మోకాళ్ళు పట్టేశాక అంత దూరం నడవలేక, మా వెనక సందులో ఉన్న ప్రార్థన మందిరానికి పోసాగింది. అక్కడ ఆడవాళ్ళు నగలు లేకుండా, తెల్ల చీరలు కట్టి, చప్పట్లు కొట్టి పాడతారు. నీళ్ళలో నిండా మునిగితేనే వాళ్ళకు బాప్తిస్మం. పసిబిడ్డగా ఉన్నప్పుడు నుదుట చల్లిన నీళ్ళు వాళ్ళకు చెల్లవు. వాళ్ళను కాదనలేక అత్త ఒక మే నెల ఆదివారం సిమెంటు తొట్టిలో మునిగి వచ్చింది. “మళ్ళా ఎందుకత్తా?” అన్నాను. “సల్లగా ఉండిందే! ఇంకోసారి ముంచుతామన్నా పోతా” అంటూ తల తుడుచుకుంది.

ఆ చల్లదనమే ఆమె చోటుకు ఎసరు పెట్టింది. ఆమె కన్నుమూసిన పొద్దున నేనూ మా ఆయనా పాత చర్చికి పోయాం. అయ్యగారు గడప దగ్గరే నిలబెట్టి, “మీ అమ్మ మళ్ళా మునిగినాదంటే మేమిచ్చిన బాప్తిస్మం ఉత్తదనే కదప్పా? ఇంక మా తోటలో చోటెట్లిచ్చేది?” అన్నారు. మా ఆయన వెనక్కి తిరగబోయాడు. నేను ఊరుకోలేదు. “ఆమె మీది కాకపోతే పోనీ, పక్కన పండుకోనుండే మొగుడు మీవాడే కదయ్యా? ఆయన్నడిగి సెప్పండి” అన్నాను. “రూలమ్మా” అని లోపలికి పోయారు.

మందిరం అయ్యగారు కండ్లనీళ్ళు పెట్టుకున్నారు. పెట్టుకుని, “మాకు సమాధుల తోట యాడుండాది తల్లీ? ఆత్మ పరలోకానికి పోయినాక మట్టి యాడుంటే ఏమి?” అన్నారు. “ముంచేటప్పుడు మట్టినే కదయ్యా ముంచినారు? మాతో వచ్చి పాత చర్చి అయ్యగారికి ఒక మాట సెప్పండి” అన్నాను. “ఆయన గడప నేను తొక్కనమ్మా” అన్నారు.

ఎండ ఎక్కుతోంది. చివరికి పక్కింటి క్యాథలిక్ వదిన పోయి వాళ్ళ ఫాదరుతో మాట్లాడింది. ఆయన ఏ నీళ్ళ బాప్తిస్మమని అడగలేదు. “గుంత తవ్విస్తాండా, తీసుకురాండి” అన్నారు. మధ్యాహ్నం అత్తను ఆ క్యాథలిక్ సమాధుల తోటలో పెట్టాం. పాత చర్చి ఆడవాళ్ళు, మందిరం ఆడవాళ్ళు కలిసి వచ్చి, ఒకే పాటను రెండు రాగాల్లో ఏడుస్తూ పాడారు. అయ్యగార్లిద్దరూ రాలేదు.

పాత చర్చి తోటలో ఈస్టరు తెల్లవారుజామున సమాధులకు పూలు పెడతారు. క్యాథలిక్ తోటలో నవంబరులో సమాధుల పండుగకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. రెండు చోట్లకూ పోతూనే ఉన్నాం. బతికినన్నాళ్ళూ అత్తా మామా ఏ పండుగనూ విడిగా చేసుకోలేదు. ఇప్పుడు మామ పండుగ ఎండల్లో వస్తుంది, అత్త పండుగ వానల్లో.