చివరి పేజీల డబ్బా

మా నాన్న అద్దె పుస్తకాల షాపు నడిపిన చోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు అంటిస్తున్నారు. తిరువూరు బస్టాండు ఎదురు వరసలో, మందుల షాపు పక్కన. ఆ దారిన వెళ్లినప్పుడల్లా అటు చూడకుండా పోలేను, చూసి తిట్టుకోకుండా కూడా పోలేను. నాకు ముక్కు మీదే కోపం అని మా ఆయన అంటాడు. లారీ నడిపే మనిషి, వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉండడు, ఆయనకేం తెలుసు నా కోపం సంగతి.

నాన్న షాపులో ఒక పద్ధతి ఉండేది. డిటెక్టివ్ నవల అద్దెకిచ్చే ముందు చివరి పేజీలు బ్లేడుతో కోసి, గుండుసూది గుచ్చి, బల్ల కింద బిస్కట్ల రేకు డబ్బాలో దాచేవాడు. చదివిన మనిషి పుస్తకం తెచ్చిచ్చి, ఖూనీ ఎవరు చేశారనుకుంటున్నాడో, ఎందుకనుకుంటున్నాడో చెప్పాలి. చెబితేనే ఆ పేజీలు చేతికొచ్చేవి. అక్కడే నిలబడి చదివి, మళ్లీ డబ్బాలో వేసి వెళ్లాలి. ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. ఎవడో ప్రబుద్ధుడు ప్రతి పుస్తకం మొదటి పేజీ మీదే హంతకుడి పేరు రాసిపెట్టి ఇస్తుండేవాడట. పేజీలు దాచడం మొదలుపెట్టాక వాడి చేతి దురద తీరే దారి లేకపోయింది. ముగింపు తెలిసేసరికి పుస్తకం నాన్న దగ్గరుండేది.

ఎవరైనా బల్ల ముందుకొచ్చి నిలబడగానే నాన్న డబ్బా మూత మీద వేళ్ల కణుపులతో రెండు దెబ్బలు కొట్టేవాడు. "చెప్పి తీసుకో" అనేవాడు. పెద్దవాళ్లయితే "చెప్పి తీసుకోండి." చెప్పింది తప్పయినా ఒప్పయినా ఆయన ముఖంలో ఏమీ కనిపించేది కాదు. ఒప్పు చెప్పినవాళ్లు మురిసిపోయి త్వరగా వెళ్లిపోయేవాళ్లు. తప్పు చెప్పినవాళ్లే పాతుకుపోయేవాళ్లు. రాసినవాడికే బుర్ర లేదని, తాము చెప్పినవాడే హంతకుడు కావాలని నాన్నతో వాదించేవాళ్లు. నాన్నకు వాళ్లంటేనే ఇష్టం.

అన్నిటికంటే ఎక్కువగా తిరిగిన పుస్తకాలు ఒక డిటెక్టివ్‌వి. ఆయనకు ఓవర్‌కోటు, నల్ల కారు, వేళ్ల మధ్య సిగరెట్టు ఉండేవి. శవం ఉన్న గదిలో అడుగుపెట్టే ముందు టోపీ తీసి చేత్తో పట్టుకునేవాడు. మే నెలలో మా ఊరి ఎండకు ఆ కోటు తొడుక్కుంటే వేరే హంతకుడెవరూ అక్కర్లేదని అమ్మ నవ్వేది. అమ్మ పోయాక, షాపు మూశాక, నాన్న మా ఇంటికొచ్చేశాడు. పుస్తకాలు గోనెసంచుల్లో అటకెక్కాయి.

కిందటేడు నాన్నకు పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే దారికొచ్చింది. చెయ్యి కొంచెం వచ్చింది. మాట మాత్రం వంకరగా వచ్చింది. మొదట్లో ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఒకరోజు చూడటానికొచ్చిన చుట్టం ఒకావిడ, ఆయన అన్నది అర్థం కాక, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచి అడిగింది. అంతే, ఆ రోజు నుంచి నాన్న నోరు మూసుకున్నాడు. మాతో తల ఊపేవాడు, బయటివాళ్లొస్తే గోడ వైపు తిరిగేవాడు. మాట్లాడిస్తేనే మాట తిరిగొస్తుందని, ఊరుకుంటే ఉన్నది కూడా పోతుందని విజయవాడలో డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను బతిమాలాను, కసిరాను, ఏడ్చాను కూడా. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఊరందరి చేత మాట్లాడించిన మనిషి, నా ఇంట్లో నా ఎదురుగా మూగవాడైపోతున్నాడు. నాకు కావలసింది ఒక్కటే, ఆయన నోరు తెరవడం.

అలాంటి రోజుల్లోనే ఆ పాత డిటెక్టివ్‌ను ఈ కాలానికి మార్చి సీరియల్ తీశారని విన్నాను. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను కాబట్టి ఊళ్లో వార్తలన్నీ నా దగ్గరికే వస్తాయి. నెట్‌లో వచ్చేది, టీవీలో పెట్టుకుని కావలసిన చోట ఆపుకోవచ్చు. వారానికో కేసు, ఏ వారం కథ ఆ వారమే తేలిపోతుంది. మొదట నేను పెదవి విరిచాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంటుందిలే అనుకున్నాను.

చూశాక నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను. ఓవర్‌కోటు లేదు, నల్ల కారు లేదు. ఈ డిటెక్టివ్ హైదరాబాదులో ఆటో ఎక్కుతాడు, ఫోను గాజు పగిలి ఉంటుంది, సిగరెట్టుకు బదులు సోంపు నములుతాడు. వెనకటి అసిస్టెంటు స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది, బుర్రలో ఆయనకేమీ తీసిపోదు. ముఖ్యమైన చోట డిటెక్టివ్ వాళ్లమ్మ ఫోను చేసి కూర ఏం వండమంటావని అడుగుతుంది. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. శవం ఉన్న గది గుమ్మం దగ్గర ఆగి, ఫోను స్విచ్ఛాఫ్ చేసి జేబులో పెట్టుకుని, అప్పుడు లోపలికి వెళతాడు. ఆ ముక్క రాసినవాళ్లెవరో గానీ వాళ్ల చేతులకు దండం పెట్టాలి. టోపీ లేని కాలంలో టోపీ తీయడం ఎలాగో వాళ్లకు తెలిసింది.

ఊరంతా దాని గురించే మాట. జాకెట్ కొలతలకొచ్చిన టీచరమ్మ ఆ అసిస్టెంటు పిల్ల చుడీదారు మెడ చూపించి అలాగే కుట్టమంది. పాతకాలం మగవాళ్లు కొందరు సిగరెట్టు లేని డిటెక్టివ్ ఏం డిటెక్టివని గొణిగారు, గొణుగుతూనే ఒక్క వారం కూడా మానకుండా చూశారు. వీధి చివర ఉండే ఒకావిడ నోట్లో నువ్వుగింజ నానదు. తను చూసిన మర్నాడు పొద్దున్నే గుమ్మం దాటకుండానే హంతకుణ్ని చెప్పేసేది. ఆవిణ్ని చూస్తే మిషను చప్పుడు పెంచేసేదాన్ని.

మా ఇంట్లో చూడటానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఎ.కొండూరు దగ్గర ఆయనకు మామిడితోట ఉంది. షాపు తెరిచిన నాటి నుంచి మూసేదాకా నాన్న దగ్గర పుస్తకాలు తీసుకెళ్లిన మనిషి. నేను బాబాయి గారంటాను. వారం వారం ఆదివారం సాయంత్రం బస్సు దిగి, నేరుగా నాన్న మంచం పక్కన కూర్చుని, జవాబు రాదని తెలిసీ తోట కబుర్లు చెప్పేవాడు. ఆయన ముందు కూడా నాన్న గోడవైపే తిరిగేవాడు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు.

మొదటి ఆదివారం ముగ్గురం కలిసి చూశాం. డిటెక్టివ్ గుమ్మం దగ్గర ఫోను ఆపినప్పుడు నాన్న ఎడమ చెయ్యి తనంతట తానే తల మీది నమాజు టోపీ దాకా వెళ్లింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చివరికి అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, డిటెక్టివ్ గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు నాన్న రిమోటు తీసుకుని బొమ్మ ఆపేశాడు. మేం ఆయన వంక చూశాం. ఆయన మా వంక చూశాడు. మళ్లీ నొక్కుతాడేమోనని చూసి, నేనే రిమోటు లాక్కుని నడిపించాను. నాన్న కర్ర అందుకుని వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం కూడా అదే వరస. బాబాయి గారు వెళ్తూ వెళ్తూ నాతో మెల్లగా అన్నాడు, సాయిబు గారి మనసుకు ఈ కొత్తాయన ఎక్కలేదని, ఆ పాతాయన్నే ఉంచుకోనివ్వమని. నాకూ అదే అనిపించింది. మూడో వారం రిమోటు తీసి మిషను సొరుగులో పడేశాను. నాన్న లేవలేదు, గొడవ చేయలేదు, ముగింపు వచ్చేసరికి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయనకు ఇష్టం లేనిది ఎందుకని, ఆ పై ఆదివారం టీవీ పెట్టనే లేదు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక చూస్తే, నాన్న ఉతికిన చొక్కా వేసుకుని ఆపేసి ఉన్న టీవీ ఎదురుగా కూర్చున్నాడు. గుండీలు ఒక్కచేత్తో పెట్టుకున్నట్టున్నాడు, ఒకటి తప్పింది. బాబాయి గారు వచ్చి ఆయన్నీ, నల్లగా ఉన్న టీవీనీ చూసి నావైపు తిరిగాడు. ఇష్టం లేని మనిషి చొక్కా మార్చుకుని కూర్చుంటాడా? ఏమీ అర్థం కాక టీవీ పెట్టి, రిమోటు తెచ్చి నాన్న చేతికే ఇచ్చాను. ఏం చేసుకుంటాడో చేసుకోనీ అనుకున్నాను.

ఆ వారం కేసు ఒక ముసలి జమీందారుది. చచ్చింది ఆయన. ఇంట్లో తమ్ముడు, కోడలు, డాక్టరు, వంటమనిషి ఉన్నారు. ఎప్పటిలాగే అందరూ ఒక గదిలో చేరారు. డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. నాన్న బొమ్మ ఆపాడు. ఈసారి నేను కదల్లేదు. నాన్న కాసేపు చూసి, విసుగ్గా, కుర్చీ చెక్క చెయ్యి మీద వేళ్ల కణుపులతో రెండు దెబ్బలు కొట్టాడు.

బాబాయి గారు లేచి నిలబడిపోయాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదనుకుంటాను. చేతులు కట్టుకుని, నాన్న వైపు తిరిగి, డాక్టరే చేశాడండి, మందు సీసా మీద కాగితం కొత్తగా ఉంది, అని చెప్పాడు. చెప్పేశాక ఒక్కసారిగా ఆగిపోయి నా ముఖంలోకి చూశాడు. అప్పుడు నాకూ తెలిసింది. ఇన్ని వారాలుగా నాన్న ఆ సీరియల్‌ను ఇష్టం లేక ఆపలేదు. చివరి పేజీలు డబ్బాలో పెట్టి, మా కోసం కూర్చున్నాడు. ఆ డబ్బా పక్కన కూర్చుని పెరిగినదాన్ని, ఆయన చేతిలోంచి రిమోటు లాక్కున్నాను.

కోడలని చెప్పాను. కారణం ఏదో వాగాను. నాన్న తల ఊపి రిమోటు ఎత్తాడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. షాపులో ఆయన ఎప్పుడూ ఊహించి చెప్పాల్సిన అవసరం రాలేదు, అన్ని ముగింపులూ ఆయనకు ముందే తెలుసు. ఈ ఒక్క డబ్బాలో ఏముందో ఆయనకూ తెలియదు. నేను రిమోటు మీద చెయ్యి వేసి, మెల్లగా లాక్కుని, దానితో కుర్చీ చెయ్యి మీద రెండు దెబ్బలు కొట్టాను.

"చెప్పి తీసుకో నాన్నా" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. బాబాయి గారి వైపు ఒకసారి చూశాడు, గోడ వైపు ఒకసారి చూశాడు. నేను రిమోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బాబాయి గారు తన వంతు అయిపోయినవాడిలా కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. ఆ మర్యాద నేను ఈ జన్మలో మర్చిపోను.

"వం... వంటమనిషి" అన్నాడు నాన్న.

"కారణం కూడా చెప్పాలి. నీ పద్ధతే" అన్నాను.

ఆయన పెదవులతో చాలాసేపు కుస్తీ పట్టాడు. "త... తమ్ముడికి... కాఫీ. చక్కెర... అడగలేదు."

నిజమే. పదేళ్ల తర్వాత ఆ ఇంటికొచ్చిన తమ్ముడికి వంటమనిషి చక్కెర ఎంతని అడక్కుండానే కాఫీ కలిపిచ్చింది. అంటే వాళ్లిద్దరూ అంతకుముందే ఎక్కడో కలుసుకుంటున్నారని నాన్న లెక్క. మా ఇద్దరి కళ్లకూ అది ఆననేలేదు. నేను రిమోటు ఇచ్చాను. హంతకుడు డాక్టరు. బాబాయి గారు తొడ చరుచుకున్నాడు.

నాన్న ఒప్పుకోలేదు. కాదన్నాడు. మరి చక్కెర సంగతేంటన్నాడు. డాక్టరు చేస్తే ఆ కాఫీ ఎందుకు చూపించారన్నాడు. బాబాయి గారు మందు సీసా అంటే నాన్న కాఫీ అనేవాడు. మాటల్లో సగం మాకు అర్థం కాలేదు, రెండోసారి చెప్పమంటే విసుక్కుంటూ రెండోసారి చెప్పాడు. కోపంలో మూతి వంకర సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఎ.కొండూరు బస్సు వెళ్లిపోయింది. చివరికి బాబాయి గారు లేస్తూ, ఎంతైనా పాతాయన పాతాయనేనండీ అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో ముందు టోపీ తీసినట్టు, తర్వాత ఫోను జేబులో పెట్టినట్టు చూపించాడు.

"వీడూ... వాడే" అన్నాడు.

ఆ సీరియల్ తీసినవాళ్లకు మెచ్చుకోళ్లు బోలెడు వచ్చే ఉంటాయి. అద్దె పుస్తకాల మనిషి ఇచ్చిన ఈ ఒక్క మాట వాళ్ల చెవిన పడదే అని నాకు బాధగా ఉంటుంది.

మర్నాడు పొద్దున్న టీచరమ్మ జాకెట్టు తీసుకోవడానికొచ్చింది. ఆదివారం పెళ్లికెళ్లి సీరియల్ పూర్తిగా చూడటం కుదరలేదట. ఖూనీ ఎవరు చేశారో చెప్పెయ్యమంది, సగం వరకు పెళ్లింట్లో ఫోనులో చూసిందట, చివర మిగిలిపోయిందట. ఎన్నాళ్ల తర్వాతో నా మనసు తేలిగ్గా ఉంది, చెప్పేద్దామని మిషను ఆపాను.

వెనక గదిలోంచి కర్ర చప్పుడైంది. తలుపు చెక్క మీద రెండు దెబ్బలు. బయటి మనిషి వింటుందని తెలిసే, ఒక్కో అక్షరాన్నీ ఎత్తి పెడుతున్నట్టు నాన్న గొంతు వచ్చింది.

"ముందు... ఆవిణ్ని... చెప్పమను."