హారం దొరికేదాకా తల్లి కదల్లేదు

ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల పట్టపగలు కాళ్లు చాపుకొని కూర్చోవాలంటే ఆ రోజుల్లో మా కోరుట్లలో ఒకటే దారి ఉండేది, జబ్బు పడాలి. లేకపోతే ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, వేళ్ల మధ్య దారం. మా అమ్మ బీడీలు చుడుతూనే కూర తాలింపు వేసేది, చుడుతూనే వాడకట్టు ముచ్చట్లన్నీ వినేది, చుడుతూ చుడుతూ చిన్న కునుకు కూడా తీసేదని నాకు అనుమానం. నేను బడికి పోయింది లేదు. మా నాయన మస్కట్ పోకముందు గడపలో కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఆ పుణ్యాన పొట్లం కట్టిన కాగితమైనా సరే విప్పి చదివేదాన్ని. కానీ పుస్తకం పట్టుకొని తీరికగా కూర్చోవడం పండుగనాడు కూడా కుదిరేది కాదు.

అలాంటి రోజుల్లో ఒకసారి నాకు జ్వరం వచ్చి ఒళ్లంతా పొక్కులు లేచాయి. డాక్టరు చూసి మందిచ్చి, గోకవద్దు, పని చేయవద్దు, పడుకోవాలి అన్నాడు. మా బాపమ్మ (నాయన తల్లి) మాత్రం డాక్టరు చెప్పకముందే తేల్చేసింది, ఇంటికి తల్లి, అంటే అమ్మవారు, వచ్చిందని. గుమ్మానికి వేపమండలు కట్టింది, పోపు బంద్ చేయించింది, నా పక్క కింద వేపాకు పరిచింది. ఆ క్షణం నుంచి నేను మనుమరాలిని కాదు, సాక్షాత్తూ తల్లిని. నిన్నటిదాకా "ఏం పిల్లవే నువ్వు" అన్న నోటితోనే "ఏమన్న తింటవా తల్లీ, ఎండ తగుల్తుందా తల్లీ" అని అడగసాగింది. తల్లి నోరు తెరిచి అడిగినదాన్ని కాదనకూడదని మా ఇంటి నియమం.

జ్వరం దిగి, పొక్కులు మాడడం మొదలైంది. ఒంట్లో ఓపిక వచ్చింది, పొద్దు పోవడం లేదు. చదువుకోవడానికి ఏమైనా ఉంటే బాగుండునని మాటవరసకు అన్నాను. బాపమ్మ రెండు చేతులూ జోడించింది. మరునాడు పొద్దున్నే జగిత్యాలలో ఉన్న మా మేనత్తకు కబురు పోయింది, తల్లి పుస్తకం అడుగుతున్నదని. మేనత్త బస్సెక్కి వచ్చి, తల్లి ఉన్న ఇంట్లోకి అడుగు పెట్టకూడదు కనుక గుమ్మం బయటే నిలబడి, ఒక లావుపాటి నవలను పసుపు బట్టలో చుట్టి లోపలికి అందించింది. అట్ట ఊడిపోయింది, రాసినవారెవరో తెలియదు. ఒక జమీందారు ఇంట్లో కెంపుల హారం పోతుంది, అదీ కథ.

తల్లి చదువుతుంటే వినడం కూడా పుణ్యమేనని బాపమ్మ పక్కనే కూర్చునేది, కాబట్టి పైకి చదవాల్సి వచ్చింది. మొదట చేతులు జోడించుకొని విన్నది. హారం పోయిన చోట చేతులు విడదీసింది. చిన్న కోడలి మీద అనుమానం వచ్చిన చోట ఆకులు ఊడ్చే చీపురు పక్కన పడేసి, "గా మూతి సూస్తెనే తెలుస్తలేదా, అదే ఎత్తింది" అన్నది. (మూతి సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు.) అవతలి గదిలో బీడీలు చుడుతున్న అమ్మ వినడం లేదన్నట్టే ఉండి, గుమాస్తా పేరు రాగానే, వాడే దొంగ అని అక్కడి నుంచే తీర్పు చెప్పింది. అత్తాకోడళ్లకు వాదం ముదిరింది. కోపం వచ్చి అమ్మ ఒక సూటి ప్రశ్న వేసింది.

"అత్తమ్మా, ఈమె తల్లే అయితే హారం ఎవలు ఎత్తుకపోయిండ్రో ఆమెకు ఎర్క లేదా? గన్ని పేజీలు ఎందుకు తిప్పుతున్నది?"

బాపమ్మ తొణకలేదు. "తల్లికి ఎర్కనే. మనకు ఎర్క గావాలెనని సదివిస్తున్నది."

నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. (నవ్వితే పొక్కులు గుంజేవి.)

అమ్మ తిప్పలు అమ్మవి. ఇద్దరం చుట్టే ఆకు తానొక్కతే చుడుతున్నది. అందుకే ఆదివారం నీళ్లు పోసేయాలని నిర్ణయించింది. వేపాకు, పసుపు వేసిన నీళ్లు తలమీద పోసి, పెరుగన్నం పెట్టి తల్లిని సాగనంపితే, ఇక నేను మామూలు పిల్లనే. ఆ పూట నుంచే చాట ఒళ్లోకి వస్తుంది, పుస్తకం మేనత్త ఇంటికి పోతుంది. నాకేమో ఇంకా బోలెడు పేజీలున్నాయి, దొంగ దొరకలేదు. శనివారం నాడు లోలోపల గబగబా చదివేద్దామని చూశాను. బాపమ్మ కనిపెట్టి, "మాకు ఇనిపియ్యకుంట ఒక్కదానివే తెలుసుకుంటవా తల్లీ" అని ఎంత దీనంగా అడిగిందంటే, మళ్లీ వెనక్కి తిప్పి పైకి చదివాను.

ఆదివారం వచ్చింది. వాకిట్లో ఎండకు నీళ్ల గంగాళం పెట్టారు. అమ్మ వచ్చి నీళ్లు కాగాయన్నది. బాపమ్మ లేచి వెళ్లి, గంగాళంలో చేయి పెట్టి, ఇంకా కాగలేదన్నది. కాసేపటికి అమ్మ మళ్లీ వచ్చింది. బాపమ్మ మళ్లీ చేయి పెట్టి అదే మాట అన్నది. మూడోసారి అమ్మే చేయి పెట్టి చూసి, చురుక్కుమని తీసేసి, అత్తగారి ముఖంలోకి చూసింది.

"హారం దొరకకముందు తల్లిని నడిమిట్ల ఎట్ల లేపుతమే కోడలా," అన్నది బాపమ్మ, కొంచెం సిగ్గుపడి.

అమ్మ లోపలికి వెళ్లింది. కోపం వచ్చిందనుకున్నాం. చాట తెచ్చుకొని గడప మీద కూర్చొని, ఆకు కత్తిరిస్తూ, "జల్ది సదువు బిడ్డా," అన్నది.

చదివాను. గొంతు ఎండితే బాపమ్మ మజ్జిగ తాగించింది. చివరికి దొంగ దొరికింది. చిన్న కోడలూ కాదు, గుమాస్తా కూడా కాదు. కోడళ్లు కొట్లాడుకుంటారని జమీందారు తల్లి, ఆ ఇంటి అత్తగారే, హారాన్ని వడ్ల గుమ్మిలో దాచిపెట్టింది. అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. చాలా మెల్లగా తలెత్తి బాపమ్మ వైపు చూసింది. బాపమ్మ గుమ్మానికి కట్టిన వేపమండలను మహా శ్రద్ధగా చూసుకుంటూ, "పాపం, గా ముసల్ది జేసిందాంట్ల తప్పేమున్నది," అన్నది. అమ్మ నవ్విన నవ్వుకు చాటలోని తంబాకు లేచి, ముగ్గురమూ తుమ్ముకుంటూ కూర్చున్నాం.

అప్పటికి పొద్దు గూకింది. పొద్దు గూకినాక నీళ్లు పోయరాదు, తల్లిని సాగనంపే మంచి వారం మళ్లీ గురువారమే. నాకు ఉచితంగా విశ్రాంతి దొరికింది, చదవడానికి మాత్రం ఏమీ మిగల్లేదు. బాపమ్మే దారి చూపింది. మళ్లీ మొదటి నుంచి చదవమన్నది, ఈసారి ఆ అత్తగారు ఏ మాట ఎందుకన్నదో చూద్దామన్నది. ఒక పుస్తకాన్ని రెండోసారి చదివితే మొదటిసారి కంటే రుచిగా ఉంటుందని నాకు నేర్పింది, ఒక్క అక్షరం రాని మా బాపమ్మే.

గురువారం తలమీద నీళ్లు పోస్తూ బాపమ్మ నెమ్మదిగా గొణిగిన మాట నీళ్ల చప్పుడులోనూ నాకు వినబడింది. "సల్లగ పోయి రా తల్లీ. పిల్ల సదువు మాత్రం ఈడనే ఉంచిపో."

ఆ తర్వాత మా ఇంట్లో మధ్యాహ్నం పూట ఒక్క గంట నా వాటా ఆకును అమ్మ, బాపమ్మ పంచుకునేవాళ్లు, నేను చదివేదాన్ని. ఎవరూ దాన్ని పెద్ద విషయంగా చెప్పుకోలేదు. సిరిసిల్లలో అత్తవారింటికి వచ్చి, పిల్లలను పెంచి, ఈ మధ్య జ్వరం వచ్చి మళ్లీ మంచం పట్టినప్పుడు చేతిలో పుస్తకంతో అదంతా తలుచుకున్నాను. ఆ తల్లికీ, అమ్మా బాపమ్మా అనే ఈ ఇద్దరు తల్లులకూ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. రోజూ దీపం ముందు కూర్చొని అందరి ఆరోగ్యం కోసం మొక్కుకునే నేనే, చిన్నప్పుడు నీళ్లు పోసే ముందురోజు, ఆ శనివారం నాడు, కళ్లు గట్టిగా మూసుకొని, "స్వామీ, తగ్గించు కానీ, కొంచెం మెల్లగా తగ్గించు," అని మొక్కుకున్నాను. ఆయన ఆలకించాడు కూడా. అది గుర్తొచ్చినప్పుడల్లా హారతి పళ్లెం చేతిలో ఉండగానే నవ్వొస్తుంది.