ఆదిశేషయ్య తూకం

హోసూరు వైపు పోచంపల్లి సంతలో ఆదిశేషయ్య బెల్లం తూకమంటే తూకమే. తక్కెడ ముల్లు నిలిచాక ఇంకో ముక్క కొసరు వేసిగానీ పొట్లం కట్టేవాడు కాదు. పక్క అంగడి సోమప్ప తక్కెడ కింద చిటికెన వేలు ఆనిస్తుంటే పట్టుకుని, సంతంతా వినేట్టు పరువు తీసిందీ ఈయనే.

అంతటి మనిషికి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి నుంచి బయటపడ్డాక, ఒళ్లు కుదుటపడేదాకా ఉండమని హోసూరులో వయసైనవాళ్లను చూసుకునే ఒక కేంద్రంలో చేర్చారు. ఉప్పు లేని కూడు, కొలిచి ఇచ్చే నీళ్లు, వరండాలో నడక అన్నీ ఓర్చుకున్నాడు. రోజూ పొద్దున్నే బరువు చూడటమే ఆయనకు గండమైంది. బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, గుండె ఇంకా తేరుకోనట్టు. పెరగకపోతే సంత నాటికి ఇంటికి పంపుతామని డాక్టరు మాటిచ్చాడు.

బరువు పెరగలేదు. ఎలా పెరుగుతుంది? మెషీన్ ఎక్కగానే ఈయన గోడకు చెయ్యి ఆనించి బరువంతా దానిమీద వేసేవాడు. "తల తిరగతాంది పాపా" అనేవాడు దీనంగా. అనంతపురం నుంచి వచ్చిన నర్సు దివ్యశ్రీ, పాపం పెద్దాయన అనుకుని, కనిపించిన అంకె రాసుకునేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూనే ఉంది.

సంత ముందురోజు బట్టలు సర్దడానికి భార్య బసవమ్మ వచ్చింది. చెప్పులు తొడగబోతే పాదాలు పట్టలేదు. వేలితో నొక్కి చూసింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఆమె దివ్యశ్రీని పిలిచి, తన ఎదుట ఇంకోసారి బరువు చూడమంది. ఆదిశేషయ్య మెషీన్ ఎక్కాడు. చెయ్యి అలవాటుగా గోడ మీదికి పోయింది.

"పాపం సోమప్ప చిటికెన వేలే పెట్టినాడు," అంది బసవమ్మ. "మీరు చెయ్యే పెట్టేస్తిరే."

ఆయన ముఖం చిన్నబోయింది. "అంగడి ఈ వారం గూడా మూసుంటే జనం మరిచిపోతారే."

"జనం యాడికీ పోరు. రాత్రిపూట మీకు ఊపిరాడకపోతే ఆడ ఇంట్లో నేనొక్కదాన్ని ఏం చేసేది? నాకు భయమైతాంది."

బసవమ్మ సంతలో పోలీసులనైనా నిలదీసే మనిషి. ఆమె నోట ఆ మాట ఆయన ఇన్నేళ్లలో వినలేదు. మెల్లగా గోడ మీంచి చెయ్యి తీశాడు. అంకె గబగబా పైకి పోయింది. దివ్యశ్రీ ఆయన వైపూ అంకె వైపూ మార్చి మార్చి చూసింది.

"రాసుకో పాపా," అన్నాడు ఆదిశేషయ్య. "కొసరు గూడా కలిపి."