వాతావరణ వార్తలో రెండో వాక్యం

నిప్పు పుట్టించడం, చక్రం దొర్లించడం వంటి మహా ఘట్టాల సరసన చరిత్రలో చోటు దక్కవలసినది, పరుపులు కుట్టే మన పెద్దమనిషి రేడియో కట్టేసే తీరు. వాతావరణ వార్తల్లో "తీర ప్రాంతాల్లో" అన్న మాటున్న వాక్యం ముగిసిందో లేదో, ఆయన బొటనవేలు మీట నొక్కేసేది. ఆ తర్వాతి వాక్యం ఆయన బుద్ధెరిగాక వినలేదు.

"సముద్రానికీ మనకీ మధ్య ఎన్ని ఊళ్లున్నాయి! అవన్నీ మునిగాక కదా మన వంతు" అనేవాడు.

"వరదేమైనా క్యూలో నిలబడి వస్తుందా?" అనేది భార్య.

ఈసారి తుఫాను మాట వినగానే ఆమె మొగుణ్ణి అడగడం మానేసి, తల్లిని సాయం పట్టి, దుకాణంలోని దూది మూటలన్నీ అటకెక్కించింది. ఆ దూదే వాళ్ల ఏడాది తిండి మరి. చివరి మూటతో పాటు ఆ తల్లి, అంటే మన పెద్దమనిషి అత్తగారు, కూడా తన తలగడతో అటకెక్కారు.

గాలి ఊళ వేసింది, వాన దంచింది, రెండూ వెళ్లిపోయాయి. పొద్దున్నే ఫెళ్లున ఎండ. "తీర ప్రాంతాల్లో తుఫాను బలహీనపడింది" అంది రేడియో. టక్కున మీట పడింది.

"విన్నావా? ఇంకా ఆ అటక మీదే ఉంచితే దూదికి చెమ్మ పడుతుంది" అంటూ ఆయన దిగ్విజయం చేసొచ్చిన చక్రవర్తిలా మూటలన్నీ దింపి, విప్పి, దుకాణం నేలంతా ఆరబెట్టాడు.

"అయ్యో, ఇంకొక్క పూట ఆగండి!"

"ఎండలో వరదంటే నలుగురూ నవ్విపోతారే. అత్తయ్యా, మీరూ దిగండి."

"నేను దిగను అల్లుడూ! ఎక్కేసరికే మా తాతలు దిగొచ్చారు. మోకాళ్లు కుదుటపడనీ."

మధ్యాహ్నానికి, ఎగువ కొండల మీద కురిసిన వానంతా వాగులో పడి ఊళ్లోకి దిగింది. పెరటి తలుపు కింద నుంచి, చెప్పులైనా విడవకుండా దుకాణంలోకి నడిచొచ్చింది. నేలంతా పరిచిన దూదిని చూసి, తన కోసమే పక్క వేశారనుకుంది కాబోలు, హాయిగా పడుకుంది.

మొగుడూ పెళ్లాలు అటకెక్కి కూర్చున్నారు. ఈసారి రేడియో భార్య చేతిలో ఉంది.

"...ఎగువన భారీ వర్షాలు పడినందున, లోతట్టు ఊళ్లవారు సామాన్లు ఎత్తైన చోట ఉంచుకోవాలి."

"ఇది ఎప్పట్నించి చెప్తున్నారే?" అన్నాడాయన, నీరసంగా.

"తుఫానొచ్చినప్పుడల్లా."

ఆ దుకాణంలో పొడిగా మిగిలిన దూది, అత్తగారి తలగడలో ఉన్నంతే.