మిషను మట్టి అనుకున్న పైపు

"మిషను బ్యాటరీలు తీసి పెట్టావా?" అని అడిగాడు మా ఆయన. "తీశాను. ఇప్పుడవన్నీ నీకెందుకు, పడుకో" అన్నాను. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఆ సాయంత్రం ఆసుపత్రిలోనే పోయాడు.

ఆయన మెటల్ డిటెక్టర్ ఆపరేటరు. ఆయన వెనకాలే నడుస్తూ జెండాలు గుచ్చే హెల్పరుని నేను. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసున్న ఒక కాంట్రాక్టరు దగ్గర పని. ఎక్కడన్నా తవ్వకం మొదలుపెట్టే ముందు నేల కింద ఇనుప పైపులూ, పూడిపోయిన వాల్వు మూతలూ ఎక్కడున్నాయో వెతికి చెప్పాలి. ఆయన పోయాక ఆ మిషను తెలిసిన మనిషిని నేనే కాబట్టి నన్ను ఆపరేటరుగా వేశారు. ఇప్పుడు చెప్పేది కరోనా తగ్గిన మరుసటి ఏడు, చెరుకు నరికే రోజుల్లో, ఉయ్యూరు అవతల ఒక ఊరికి మంచినీళ్ళ పైపు వేసేటప్పుడు జరిగింది. నాకు చదువు అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రెబ్కా రాస్తోంది.

ముందు మిషను సంగతి చెప్పాలి. పొడుగాటి కర్ర చివర పళ్ళెం లాంటిది ఉంటుంది. దాన్ని నేలకు ఆనీ ఆనకుండా అటూ ఇటూ ఊపుతూ నడుస్తాం. కింద ఇనుముంటే చెవిలో అరుస్తుంది. చిక్కేమిటంటే మట్టికీ అరుస్తుంది. ఏటి ఇసక మీద ఒక రకంగా, నల్లరేగడి మీద ఒక రకంగా, ఫ్యాక్టరీ బూడిద పోసిన చోట ఇంకో రకంగా. అందుకని 'ఇది మట్టి, దీన్ని పట్టించుకోకు' అని ముందుగా దానికి నేర్పాలి. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే అదే. పాత మిషనుకైతే పళ్ళేన్ని ఎత్తి దించి, ఎత్తి దించి, మోత అణిగేదాకా మనమే నేర్పేవాళ్ళం. కొత్తదానిలో ట్రాకింగు అని ఉంది. అది వేస్తే నడుస్తున్నంతసేపూ మట్టి మారినప్పుడల్లా తనే నేర్చుకుంటూ పోతుంది. చేతికి సుఖం. నేను ఎప్పుడూ అది వేసే నడిచేదాన్ని.

పని ఒక డొంక రోడ్డు మీద. ఒక పక్క చెరుకు, ఇంకో పక్క అప్పుడే మొలిచిన మినుము. పెద్ద గ్యాసు లైను ఒకటి ఆ చుట్టుపక్కల పోతోందనీ, అది చెరుకు తోటకు అవతలుందనీ మాకిచ్చిన డ్రాయింగులో ఉంది. అయినా చూడాల్సిందే. ఆపరేటరు 'క్లియర్' అనే దాకా పొక్లెయిన్ బకెట్ నేలను తాకకూడదన్నది సైటులో రూలు. ఇంజనీరు పక్కనే ఉన్నా సరే, ఆ మాట ఆపరేటరు నోటి నుంచే రావాలి.

బండి గాడి వెంబడే నడిచాను. మినుములో అడుగు పెట్టలేదు. కూలికి పోయి విత్తనం చల్లిన ఇళ్ళలో పుట్టినవాళ్ళం, మొలక మీద కాలు వెయ్యలేం. మొదట్లో మిషను కాస్త మూలిగింది. బూడిద అనుకున్నాను. నాలుగడుగులకు సద్దుమణిగింది. ఆ ముక్కంతా చూసి పచ్చజెండా గుచ్చి, పొక్లెయిన్ మీదున్న మస్తానుకు క్లియర్ అని చెయ్యి ఊపాను. అతను తవ్వడం మొదలెట్టాడు. నేను ముందుకు పోయాను.

అంతలో ఎదురుగా చెరుకు ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటక్కా, బంగారం దొరికిందా?" అన్నాడు.

"దొరికితే నీ ట్రాక్టరు నేనే కొంటా. ముందు దాటించు."

"అయితే పక్కకి జరుగు మరి. నీ మీంచి పోనా?"

వేరే దారి లేక మినుములోకి దిగాను. మిషను చేతిలోనే ఉంది, ఆపలేదు. ట్రాక్టరు పోయాక పళ్ళెం ఊపుకుంటూ మళ్ళీ గాడిలోకి అడుగేశాను. చెవిలో గట్టిగా అరిచింది. అక్కడే నిలబడి ఊపాను. అరుపు తగ్గింది. ఇంకా ఊపాను. మూలుగు. తర్వాత అదీ లేదు. మళ్ళీ చేలోకి దిగి, కాసేపు అక్కడ ఊపి, అడ్డంగా గాడిలోకి వచ్చాను. మళ్ళీ అరిచింది.

అప్పుడు అర్థమైంది. కింద ఉన్నది ఏ ఇనుప మేకో కొడవలి ముక్కో కాదు. గాడి పొడుగునా ఉన్నదేదో. నేను దాని మీదే నడుస్తుంటే, అదే మట్టి అని మిషను నేర్చుకుంది. వెనక్కి తిరిగి చూస్తే మస్తాను బకెట్ దిగుతోంది.

పరిగెత్తాను. అరిచినా ఇంజను మోతలో వినపడదు. బకెట్‌కి ఎదురుగా పోయి చేతులు అడ్డం పెట్టాను.

"ఏంది వదినా, చావాలనుందా?" అన్నాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు, అందుకని నేను వదినని.

"బకెట్ కదపమాక. అట్టాగే ఉంచి ఇంజను కట్టెయ్."

"క్లియరన్నావుగా."

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నా. జేబులో బీడీ కట్ట ఉంటే అక్కడే పెట్టి దిగిరా."

బీడీ మాట వినగానే అతని మొహం మారింది. బీడీ కట్ట సీటు మీద పెట్టి దిగాడు. ఇద్దరం దూరంగా నిలబడ్డాం. గాలి వాసన చూశాను. ఏమీ లేదు. కాస్త ఊపిరి పీల్చుకుని ఇంజనీరు గారికి ఫోన్ చేసి, "వాసనేమీ రావట్లేదండీ" అన్నాను. ఆయన, "పెద్ద లైన్లో గ్యాసుకి వాసన ఉండదమ్మా, ఊళ్ళోకి ఇచ్చే ముందే కలుపుతారు. మీరిద్దరూ ఇంకా దూరం పొండి. రోడ్డు మీద ఎవర్నీ రానివ్వకండి" అన్నారు. పొద్దున్నుంచీ పీల్చిన గాలంతా ఒక్కసారి గుర్తొచ్చింది. మస్తాను చెరుకు తోట వైపు చూస్తూ ఏదో దువా చదువుకుంటున్నాడు. నేనూ ప్రార్థన చేద్దామనుకున్నాను. ప్రభువా అన్న మాట దగ్గరే ఆగిపోయింది. అవతలి చేలో చెరుకు నరికే ఆడవాళ్ళు పొయ్యి ముట్టించే వేళవుతోంది. వాళ్ళ దగ్గరికి పోయి, నిప్పు వెయ్యొద్దని చెప్పి వచ్చాను.

ఇంజనీరు గారు గ్యాసు లైను వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళు ముందు తమ మీటరుతో గాలి చూసి, లీకు లేదన్నాకే మమ్మల్ని దగ్గరికి రానిచ్చారు. ఇంజనీరు గారు నన్ను కేకలెయ్యలేదు. ట్రాకింగు ఆపించి, చేలో శుభ్రమైన మట్టి మీద బ్యాలెన్స్ చేయించి, అది ఇంక కొత్తగా ఏమీ నేర్చుకోకుండా అక్కడే లాక్ చెయ్యమన్నారు. అప్పుడు డొంకకు అడ్డంగా నడిపించారు. దాటిన ప్రతి చోటా అరిచింది, ఎంత ఊపినా తగ్గలేదు. ఆ అరుపుల మీద జెండాలు గుచ్చుకుంటూ పోతే వరస గాడి వెంబడే సాగింది.

పారలతో మెల్లగా తీశారు. నల్లటి పూతతో పైపు కనిపించింది. పూత మీద బకెట్ పన్ను గీసిన గీత ఉంది, ఇనుము దాకా పోలేదు. మస్తాను వంగి ఆ గీత పొడుగునా వేలు పెట్టి చూశాడు.

ఆ తర్వాత పని మానేసే దాకా నేను చేసిన పద్ధతి ఇది. పని మొదలుపెట్టే ముందు రైతును కలిసి, చేలో దిగక తప్పదని చెప్పేదాన్ని. కొందరు తిట్టారు, పడ్డాను. పైపు కోసం వెతికేటప్పుడు మంచి మట్టి మీద బ్యాలెన్స్ చేసి, లాక్ చేసి, అడ్డంగా నడిచేదాన్ని. మట్టి మారితే ఆగి, పక్కకు పోయి మళ్ళీ చేసేదాన్ని. మిషను ఊరుకుందంటే కింద ఏమీ లేదని కాదు, ఉన్నదానికి అది అలవాటు పడి ఉండొచ్చు. ట్రాకింగు చెడ్డదని నేననను. అది ఏం నేర్చుకుంటోందో పట్టుకున్న మనిషికి తెలియాలి.

రాశావా రెబ్కా? ఇది చూసి రేపు ఇంకెవరన్నా మిషను పట్టుకుని పోతారు. లాక్ చెయ్యడం ముందు, నడక తర్వాత. అది అటూ ఇటూ అయితే మనుషులు పోతారు. ఏదీ, ఆ ముక్క మెల్లగా చదువు, వింటాను.