పాలు పోసిన కారు

మాది భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఊరు. బీడీల తునికాకు కాంట్రాక్టు పోయాక నాన్న మా కారును కొట్టంలో పెట్టి పరదా కప్పేశాడు. ఆరేళ్లు అది కదల్లేదు. ఎలుకలు చేరాయి, వాటి వెనకే నాగుపాము వచ్చింది. అమ్మ దాన్ని కొట్టనివ్వలేదు. నాగులచవితికి కారు చక్రం దగ్గరే పాలు పోసి, బానెట్‌కు కుంకుమ పెట్టేది. ఊరేగడానికి కొంటే పుట్టయి కూర్చుందని నాన్న నవ్వేవాడు.

నాకు పదేళ్లప్పుడు కారుకు బేరం కుదిరింది. ముదిగొండ ఆయన, కడుపుతో ఉన్న భార్యతో రాములవారి దర్శనానికి వచ్చి, తిరుగు ప్రయాణంలో కారు తీసుకుపోతానన్నాడు. ఆ పొద్దున తుడుస్తుంటే వెనక సీటు కింద కుబుసం కనబడింది. ఇంకా తడారలేదు. నాన్న దాన్ని గడ్డిలో దోపేశాడు.

"నోరిప్పినవంటే చూడు" అన్నాడు.

మెకానిక్ కొత్త బ్యాటరీ వేస్తే కారు దగ్గుతూ లేచింది. ముదిగొండ ఆయన భార్య వెనక సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది.

"జరన్ని నీళ్లియ్యవా బిడ్డా" అని అడిగింది.

నీళ్లిచ్చాను. గ్లాసు తీసుకునేదాకా ఆమె మెట్టెలనే చూస్తున్నాను. వెనక నాన్న ఉన్నాడు. నేను పిరికిదాన్ని, చెప్పలేదు. కారు వెళ్లిపోయింది.

నాకు అన్నం దిగలేదు. అమ్మ నుదురు తాకి చూసి, ఏందని అడిగింది. కుబుసం సంగతి చెప్పేశాను.

"మన పాలు తాగింది. మనల్ని ఏం జెయ్యదు."

"పాలు మనం పోసినం. ఆమె పొయ్యలే గదా అమ్మా!"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. లేచి వాకిట్లో ఉన్న నాన్న దగ్గరికి పోయింది.

"లెవ్వు! జల్దీ పోయి బస్సెక్కు! ఆ పిల్లకేమన్నయితే మనకు పుట్టగతులుండయ్!"

నాన్న అంగీ గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తాడు.

మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. వాళ్ల గుమ్మంలో నిలబడి అంతా ఒప్పుకున్నాడట. ఆయన తిట్టిన తిట్లన్నీ పడ్డాడట.

"ఆమె మంచిగనే ఉంది. సీట్లన్నీ ఊడబీకి చూసినం. పాము లేదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మరి పాము ఎక్కడున్నట్టు? ముగ్గురం కొట్టం వైపు చూశాం. ఆరేళ్లు పాలు పోసిన అమ్మ నన్నెత్తి మంచం మీద నిలబెట్టి, మూలనున్న కర్ర అందుకుంది.